కథల పేర్లు ఏ రిజిస్టరులో ఉన్నాయి? గ్రంథాలయాల పెద్దలకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖల సంచాలకులకు, జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు, ముఖ్యంగా శాఖా గ్రంథాలయాల్లో బీరువా తాళాలు జేబులో పెట్టుకు తిరిగే లైబ్రేరియన్లకు నమస్కారం.

నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఉత్తరాంధ్రలో నేను తిరగని రూటు తక్కువ. రచయితని కాను. ఏ సాహిత్య సంస్థలోనూ సభ్యత్వం లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాను, ఏళ్ళ తరబడి మీ బల్లల ముందు కూర్చుని చదువుకుంటున్నాను. ఈ ఉత్తరం రాయడానికి ఆ రెండు అర్హతలూ చాలనుకుంటాను.

విషయం చిన్నదే. మీ దగ్గర కథలు దొరకడం లేదు. కథల పుస్తకాలున్నాయి, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ లోపలున్న కథలు దొరకవు. మీ దగ్గరికొచ్చి ఫలానా నవల ఉందా అని అడిగితే రిజిస్టరు తిరగేసి ఉందనో లేదనో, ఎవరో పట్టుకెళ్ళారనో చెబుతారు. ఫలానా కథ ఉందా అని అడిగితే మాత్రం “ఏ పుస్తకంలో ఉందండీ?” అని నన్నే అడుగుతారు. అదే తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాను? మీ యాక్సెషన్ రిజిస్టరులో పుస్తకం పేరుంటుంది, రచయిత పేరుంటుంది, వెల ఉంటుంది. లోపల ఇరవై కథలుంటే ఆ ఇరవై పేర్లూ ఎక్కడా ఉండవు. ఇంటి నంబరు రాసుకుని, ఇంట్లోవాళ్ళ పేర్లు వదిలేసినట్టు.

పోయినేడాది ఒక గ్రంథాలయానికి వెళ్ళాను. ఊరి పేరు చెప్పను, అక్కడి లైబ్రేరియన్ మంచివాడు, ఆయనకి ఇబ్బంది కలగకూడదు. కథల బీరువా ఎక్కడండీ అంటే నవ్వి, “కథలు ఎవరు చదువుతున్నారు సార్ ఇప్పుడు? నవలలు తీసుకోండి, ఈ మధ్యే కొత్తవి వచ్చాయి” అన్నాడు. నేను నమ్మనట్టు చూశానేమో, ఇష్యూ రిజిస్టరు తీసి చూపించాడు. నిజమే. ఇళ్ళకి వెళ్ళిన పుస్తకాల్లో పోటీ పరీక్షలవి పోగా మిగిలినవి చాలావరకు నవలలే. కథల సంపుటాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఆ రిజిస్టరు చూసి ఇంటికొచ్చాక తట్టింది. ముప్పై ఏళ్ళలో నేను మీ గ్రంథాలయాల్లో చదివిన కథల్లో ఇంటికి పట్టుకెళ్ళి చదివినవి ఎన్ని? పదోవంతు కూడా ఉండవు. కథల పుస్తకం బీరువాలోంచి తీస్తాను, విషయసూచిక చూస్తాను, ఒక కథ చదువుతాను, ఎక్కడ తీశానో అక్కడే పెట్టేస్తాను. పావుగంట పని. దానికి సంతకమెందుకు, పదిహేను రోజుల గడువెందుకు? నవల అలా కుదరదు, పట్టుకెళ్ళాల్సిందే. కాబట్టి మీ రిజిస్టరు నవలా పాఠకుణ్ణి లెక్కపెడుతుంది, కథ చదివినవాణ్ణి లెక్కపెట్టదు. మా బస్సులో అయితే చంకలో పిల్లాడి దగ్గర్నుంచి లెక్క చెప్పాలి. మీ దగ్గర కథా పాఠకుడు టిక్కెట్టు లేని ప్రయాణికుడైపోయాడు. ఆ రిజిస్టరు చూసే కదా వచ్చే ఏడాది ఏ పుస్తకాలు కొనాలో నిర్ణయిస్తారు!

ఇదేం కొత్త అన్యాయం కాదులెండి. నా కుర్రతనంలో ప్రతి సెంటరులోనూ అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకి ఇంత అని అద్దె. గోడల నిండా నవలలే, అట్టలు చిరిగి, మళ్ళీ కుట్టి, మైనపు కాగితం తొడిగి. కథల పుస్తకాలు ఎందుకు పెట్టరని ఒకసారి షాపాయన్ని అడిగాను. “నువ్వు ఇక్కడ నిలబడి రెండు కథలు చదివేసి, బాగులేదని పెట్టేసి పోతావు. నాకేం గిడుతుంది?” అన్నాడు. ఆయనది వ్యాపారం, ఆ మాట న్యాయమే. మీది వ్యాపారం కాదు కదా.

నేనెలా చదివేవాణ్ణో కొంచెం చెబుతాను, సోది అనుకోకండి. కండక్టరు చేతిలో ఉండే టైమంతా ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. రాజాంలో పన్నెండు నిమిషాలు హాల్టు. పాలకొండలో టిఫినుకి అరగంట. బండి పంక్చరైతే గంట, అదీ ఎండలో. నైట్ హాల్ట్ డ్యూటీ పడితే చివరి ఊళ్ళో బస్సు పడుకున్నాక చాలా టైముంటుంది కానీ వెలుతురుండదు. లోపల లైటు వేసుకుని చదువుతుంటే మా డ్రైవరు, “లైటార్పు గురూ, పొద్దున బ్యాటరీ దిగిపోతే దిగి తోసేది నువ్వే” అనేవాడు. ఆ ముక్కల్లోకి నవల దూరదు. నేను ప్రయత్నించలేదనుకోవద్దు. పన్నెండు నిమిషాల్లో మూడు పేజీలు చదివి, విజిలేసి, అరవై మందికి టిక్కెట్లు కొట్టి, మళ్ళీ తెరిచేసరికి ఆ సుబ్బారావు ఎవరి తమ్ముడో గుర్తుండేది కాదు. వెనక్కి తిప్పాలి, తిప్పేలోగా ఇంకో స్టేజీ.

కథ అలా కాదు. విషయసూచికలో పేజీ నంబర్లుంటాయి కదా, వాటిలో తీసివేత చేసుకునేవాణ్ణి. 43 నుంచి 49 దాకా ఉంటే రాజాం కథ. 50 నుంచి 64 దాకా అయితే పాలకొండ కథ. ఆ పైన ఉన్నవి నైట్ హాల్టుకి. యజ్ఞం కథ నేను అలాగే రెండు నైట్ హాల్టుల్లో టార్చిలైటు పెట్టుకుని చదివాను. పేరుకి కథే గాని ఒక ఊరు ఊరంతా అందులో కూర్చుని ఉంటుంది, పంచాయితీలో ఒక అప్పు లెక్క తేల్చడానికి. ముగింపు చదివాక టార్చి ఆర్పేశాను గాని నిద్ర రాలేదు. డ్రైవరు గురక, చుట్టూ కప్పల గోల. తెల్లారి మొదటి ట్రిప్పులో ఎక్కిన కూలివాళ్ళకి చిల్లర ఇస్తుంటే ఒక్కొక్కరి మొహం చూడాలనిపించింది, చూడటానికి భయం కూడా వేసింది.

కథ ఇచ్చే సుఖం అంటే నా లెక్కలో ఇదే. చదవడానికి పట్టేది పావుగంట, ఆ తర్వాత మూడు ట్రిప్పులు అది మనతో తిరుగుతుంది. నవల మధ్యలో ఆపితే తర్వాత ఏమవుతుందా అని మనసు లాగుతుంది. కథ ముగించాక ఇంతకీ ఇప్పుడేం జరిగిందని లాగుతుంది. మొదటిదానికి జవాబు పుస్తకంలోనే ఉంటుంది, పేజీ తిప్పితే చాలు. రెండోదానికి జవాబు మనమే వెతుక్కోవాలి, టిక్కెట్లు కొడుతూ, చిల్లర లేదని తిట్లు తింటూ.

నవలంటే నాకు చిన్నచూపని మాత్రం అనుకోకండి. వారపత్రికల సీరియళ్ళ రోజుల్లో గురువారమో శుక్రవారమో పత్రిక వస్తే బస్సులో ఆడవాళ్ళంతా ఆ వారం భాగం గురించే మాట్లాడుకునేవారు. హీరోయిన్‌కి నిజం తెలిసిందా లేదా అని ముందు సీట్లో ఒకావిడ అడిగితే వెనక సీట్లోంచి జవాబొచ్చేది. దిగాల్సిన స్టేజీ దాటిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. కథకి ఆ భోగం ఎప్పుడూ దక్కలేదు. కథ గురించి బస్సులో ఎవరూ అరుచుకోరు. ఒక పెద్ద నవలలో నెలరోజులు కాపురం చేస్తే ఆ మనుషులు చుట్టాలైపోతారు, పుస్తకం మూసేటప్పుడు ఊరు ఖాళీ చేసినట్టుంటుంది. వేయిపడగలు నేను కాలు విరిగి నెలన్నర మంచాన పడినప్పుడు చదివాను. అద్భుతం. కానీ కాలు విరక్కపోతే చదివేవాణ్ణి కాదు. మనలో ఎంతమందికి కాళ్ళు విరుగుతాయి చెప్పండి?

ఇంకొక సుఖం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కథని రెండోసారి చదవొచ్చు. గురజాడవారి దిద్దుబాటు తీసుకోండి. 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. అదే తొలి తెలుగు కథ అని కొందరు, కాదు 1902లోనే భండారు అచ్చమాంబగారు రాశారని కొందరు. ఆ తగవు నాకెందుకు. నూట పదేళ్ళు దాటింది కాబట్టి ముగింపు చెప్పేసినా పాపం లేదు. బోగం మేజువాణీకి వెళ్ళి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన మొగుడు తలుపు తడతాడు. ఇంట్లో భార్య లేదు. నౌకరుని కేకలేస్తాడు, భార్య రాసిపెట్టిన ఉత్తరం చదువుతాడు, కుంగిపోతాడు, తప్పు ఒప్పుకుంటాడు. చివర్లో మంచం కింది నుంచి నవ్వు, గాజుల చప్పుడు. ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు.

మొదటిసారి చదివితే నవ్వొస్తుంది, అంతే. మళ్ళీ మొదటికొచ్చి చదవండి. ఇప్పుడు మనకి తెలుసు, మంచం కింద మనిషుంది. ఆయన అనే ప్రతి మాటా ఆవిడ వింటోంది. పైకి చదువుకునే తన ఉత్తరం కూడా వింటోంది. మొదటిసారి మనం మొగుడి పక్కన నిలబడి చదివాం, రెండోసారి మంచం కింద దూరి చదువుతున్నాం. అదే కథ, అవే అక్షరాలు, గది మాత్రం వేరేవైపు నుంచి కనబడుతుంది. ఇదంతా పది నిమిషాల కథ కాబట్టి జరిగింది. ఎనిమిది వందల పేజీల నవల ముగించిన రాత్రే మళ్ళీ మొదటి పేజీ తిప్పే ఓపిక ఎవరికుంటుంది? ఉన్నవాళ్ళకి దణ్ణం. నాకు మాత్రం పొద్దున్నే డ్యూటీ.

పాలగుమ్మి పద్మరాజుగారి గాలివాన కథ కూడా అలాంటిదే. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో దానికి రెండో బహుమతి వచ్చిందని అందరూ చెబుతారు, ఆ మాటతోనే సరిపెట్టేస్తారు కూడా. బహుమతి సంగతి తెలిసినవాళ్ళలో కథ చదివినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. పద్ధతి ప్రకారం బతికే రావుగారు, రైలు పెట్టెలో బిచ్చమడిగే ఆడమనిషి, తుపాను రాత్రి, ఒక చిన్న స్టేషను. ముగింపు చెప్పను. అరగంట పడుతుంది, మీ గ్రంథాలయంలో ఉంటే అక్కడే నిలబడి చదవొచ్చు. ఏ పుస్తకంలో ఉందో లైబ్రేరియన్ చెప్పగలిగితే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఈ ఉత్తరం నేనెందుకు రాస్తున్నానో చెప్పాలి కదా.

1990ల మొదట్లో ఒకరోజు ఆఖరి ట్రిప్పు అయ్యాక సీటు కింద ఒక పాత వారపత్రిక దొరికింది. అట్ట లేదు, ముందు పేజీలు కొన్ని లేవు. ఏ పిల్లాడి చేతికో ఇచ్చి కూర్చోబెట్టి ఉంటారు. అందులో ఒక కథ. మొదటి పేజీ చిరిగిపోయింది, రెండో పేజీ నుంచే ఉంది. కథ పేరు తెలీదు, రాసిందెవరో తెలీదు.

ఒక ముసలమ్మ నెత్తిమీద పనసపండు పెట్టుకుని బస్సెక్కుతుంది. కూతురి ఊరు వెళ్ళాలి. టిక్కెట్టుకి సరిపడా డబ్బులు కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. కండక్టరు పండు చూసి లగేజీ టిక్కెట్టు తీసుకోమంటాడు. ఆవిడ దగ్గర లేవు. వాదించదు, తిట్టదు, ఏడవదు. పండు నెత్తికెత్తుకుని దిగిపోతుంది. బస్సు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఒక పేజీ అంతా బస్సులో మామూలు గోలే. ఎవరో కిటికీ మూయమంటారు, ఎవరో చిల్లర అడుగుతారు. బస్సు ఆఖరి ఊరు చేరి వెనక్కి తిరుగుతుంది. తిరుగు ట్రిప్పులో ఎదురుగా రోడ్డు పక్కన ముసలమ్మ నడిచి వస్తూ కనిపిస్తుంది, నెత్తిమీద పండుతో. కండక్టరు బెల్లు కొట్టి బస్సు ఆపిస్తాడు. ఎక్కమ్మా, డబ్బులొద్దులే అంటాడు. ఆవిడ బస్సు వైపు చూసి, “ఇది వెనక్కెళ్ళేది కదా నాయినా” అని నడుచుకుంటూ పోతుంది.

అంతే కథ. నాలుగు పేజీలుంటుందేమో.

నేను టిక్కెట్ల ట్రే ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ వారంలోనే నేను ఒకాయన్ని జీడిమామిడి బస్తాకి లగేజీ కట్టలేదని దింపేశాను. అందులో తప్పు లేదు, రూలు అదే. కట్టకుండా తీసుకెళ్తే చెకింగ్‌లో నాకు మెమో ఇస్తారు. కథలో కండక్టరు కూడా చెడ్డవాడు కాదు, రాసినవారు అతన్ని ఎక్కడా చెడ్డగా చూపించలేదు. అందుకే తగిలింది.

ఆ తర్వాత నా సర్వీసులో పనసపండుకి నేనెప్పుడూ లగేజీ అడగలేదు. మిగిలినవాటికి అడిగాను. ఒకసారి పట్టుబడ్డాను కూడా. సంజాయిషీ రాయమన్నారు. కథ చదివానండీ అని రాయలేను కదా, రద్దీలో గమనించలేదని రాశాను.

పది రోజులు చదివిన నవలేదీ నాతో ఇలాంటి పని చేయించలేదు. పెద్ద నవలలు నాకు లోకం చూపించాయి, కాదనను. ఈ నాలుగు పేజీలు ఒకే ఒక్క పండు విషయంలో నా చెయ్యి ఆపాయి. ఏది గొప్పో నేను తేల్చను.

ఆ పత్రిక ట్రంకు పెట్టెలో దాచాను. చెదలు తినేశాయి. అప్పట్నుంచి ఆ కథ కోసం ఎక్కడ గ్రంథాలయం కనిపించినా దూరుతున్నాను. ఏమని అడగాలి? పేరు తెలియదు. పత్రిక ఏదో తెలియదు. పాత వారపత్రికలుంటే చూపించండి, నేనే వెతుక్కుంటానంటే, “అవి ఎప్పుడో తూకానికి వేసేశామండీ” అన్నారు. ఒక చోట కాదు, వెళ్ళిన ప్రతిచోటా అదే మాట. స్థలం లేదు, బీరువాలు లేవు, ఎలుకలు. నాకు అర్థమవుతుంది. మా డిపోలో కూడా పాత రికార్డులు అలాగే పోయేవి. కానీ ఒక సంగతి గమనించండి. పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల బాగుంటే పుస్తకమవుతుంది, పత్రిక పోయినా అది బతుకుతుంది. పత్రికలో వచ్చిన కథ అలా కాదు. రచయిత సంపుటి వేసుకోగలిగితే సరే, లేకపోతే ఆ పత్రిక కాగితంతోనే తూకానికి పోతుంది. ఒకటి రెండు కథలు రాసి మానేసినవాళ్ళు ఎంతమంది ఉంటారు! టీచర్లు, గుమస్తాలు, గృహిణులు. పనసపండు కథ రాసింది అలాంటివారే అయ్యుండొచ్చు. పైగా 2020లో కరోనా దెబ్బకి పత్రికలు కొన్ని ఆగిపోయాయి. అవి అచ్చేసిన కథలు ఎవరి దగ్గరున్నాయి ఇప్పుడు?

దీనికి ఒక పెద్దాయన తన చేతనైన జవాబు చెప్పి వెళ్ళారు. యజ్ఞం రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు, 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో కథానిలయం మొదలుపెట్టారు. కేవలం కథల కోసం ఒక గ్రంథాలయం. తనకొచ్చిన పురస్కారాల డబ్బు దానికే పెట్టారు. పాత పత్రికలు, సంపుటాలు ఊరూరా తిరిగి పోగేశారు. 2021లో ఆయన పోయేనాటికి అక్కడ కథ పేరుతో కథని వెతుక్కునే ఏర్పాటు ఉంది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా చూసుకోవచ్చు. రిటైరైన బడిపంతులు చేసిన పని అది. మీకు శాఖ ఉంది, సెస్సు ఉంది, జిల్లా సంస్థలున్నాయి. మీరు అంతపని చెయ్యక్కర్లేదు, అందులో వందోవంతు చాలు.

నేను అక్కడికి కూడా వెళ్ళాను. పేరు లేకుండా, రచయిత లేకుండా, పనసపండు అని మాత్రం చెప్పి అడిగితే వాళ్ళేం చేస్తారు పాపం.

ఇక మిమ్మల్ని ఏం చెయ్యమంటున్నానో చెబుతాను. ప్రతి గ్రంథాలయంలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. కథల సంపుటాల్లో ఉన్న కథల పేర్లన్నీ అక్షరక్రమంలో, పక్కన రచయిత పేరు, పుస్తకం నంబరు. కంప్యూటరుంటే మరీ మంచిది, లేకపోయినా పని ఆగదు. సిబ్బంది లేరంటారు, అదీ నిజమే, ఒకే లైబ్రేరియన్ రెండు మూడు ఊళ్ళు చూసుకోవడం నేనెరుగుదును. మాలాంటి రిటైరైనవాళ్ళని అడగండి. మా ఊరి గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గారి అనుమతితో నేను మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం గంట. ఇప్పటికి 46 పుస్తకాలయ్యాయి. ఈ పనిలో పడ్డాకే తెలిసింది, ఒక కథ నాలుగు సంకలనాల్లో ఉంది, దాని పక్కనే ఉండాల్సినంత మంచి కథలు ఒకే ఒక్క పుస్తకంలో, కాగితాలు విడదీయని పుస్తకంలో ఉన్నాయి. రెండు కథలకి ఆఖరి పేజీ లేదు. ఒక కథ మొదట్లోనే ఎవరో మహానుభావుడు పెన్సిలుతో “చివరికి చచ్చిపోతాడు” అని రాసి పెట్టాడు. చదివి చూశాను, నిజంగానే చచ్చిపోయాడు.

ఒక జాగ్రత్త కూడా చెబుతాను, మీలో ఎవరైనా ఈ ఉత్తరం చదివి ఉత్సాహపడి కథల పుస్తకం పట్టుకెళ్తారేమోనని. సంపుటి మొత్తం ఒక్క రాత్రిలో చదవకండి. అరిసెలు బాగున్నాయని పది తింటే ఏమవుతుందో అదే అవుతుంది. ఒకే రచయితవి వరసగా ఆరు కథలు చదివితే ఆయన ఎక్కడ మలుపు తిప్పుతాడో తెలిసిపోతుంది, ఏడో కథ పేలదు. అది రచయిత తప్పు కాదు, ఆయన వాటిని ఏడు వేర్వేరు ఏళ్ళలో రాశాడు, మనం ఒక్క పూటలో మింగుతున్నాం. రోజుకొకటి చాలు. చెత్త కథలూ బోలెడుంటాయి. సంక్రాంతి పోటీల కోసం చివర్లో కొసమెరుపు అతికించినవి, చివరి పేరాలో నీతి చెప్పందే వదలనివి. కానీ చెడ్డ కథ తినేది పది నిమిషాలే, చెడ్డ నవల వారం తింటుంది.

రిజిస్టరు విషయం కూడా చూడండి. అక్కడే కూర్చుని చదివి పెట్టేసిన పుస్తకాలు సాయంత్రానికి బల్లలమీద మిగిలి ఉంటాయి కదా, బీరువాలో సర్దేముందు ఒక గీత గీసుకోండి. నెల రోజులు గీసి చూస్తే కథలు ఎవరు చదువుతున్నారన్న ప్రశ్నకి మీ దగ్గరే జవాబుంటుంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కైన రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయాలకి అయిదు సూత్రాలు రాస్తే అందులో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. పావుగంట మాత్రమే చేతిలో ఉన్నవాణ్ణి మించిన పాఠకుడెవడు ఆ సూత్రానికి?

పాత పత్రికలు తూకానికి వెయ్యక తప్పదంటే, ముందు కథల పేజీలు ఫోన్‌తో ఫొటోలు తీయించండి. ఈ మాట వింటే ఎవరైనా నవ్వుతారని తెలుసు. కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పిన గ్రంథాలయోద్యమం మనది. ఆ పడవ చూసి కూడా నవ్వే ఉంటారు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గులు, చివరిరోజు బహుమతులు, శాలువాలు. ఉంచండి, కాదనను. అందులో ఒక్క సాయంత్రం ఉపన్యాసాలు లేకుండా ఒక కథ పైకి చదివించండి. మొదటి నుంచి చివరిదాకా, అరగంట. నవలతో ఆ పని చెయ్యలేరు. చదివాక ఎవరినీ మాట్లాడమనకండి, టీ ఇచ్చి పంపించండి.

మా ఊళ్ళో నేను చదువుతానని ఒప్పుకున్నాను. ఏ కథ అని ఇంకా తేల్చుకోలేదు. పనసపండు కథ దొరికితే అదే. 1990ల మొదట్లోదో, అంతకుముందుదో ఏదైనా వారపత్రిక మీ బీరువా వెనక మిగిలి ఉంటే, సర్దేటప్పుడు కాస్త తిరగేయండి. బస్సు, కండక్టరు, ముసలమ్మ. మొదటి పేజీలో పేరుంటుంది. ఆ పేజీ నేను చూడలేదు.

ఇట్లు,
సెస్సు బకాయి లేని
ఒక రిటైర్డ్ కండక్టరు